చెక్క ఓడ నమూనా కిట్టు: పైన కనబడే లోపం, అడుగున ఉండే కారణం

చెక్క ఓడ నమూనాను కిట్టు నుంచి కట్టేవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కనబడిన చోట పుట్టినవి కావు. పట్టీలు అతికించేటప్పుడు బయటపడే వంకర చాలాసార్లు అంతకు నెల ముందు చట్రం నిలబెట్టినప్పుడే ఏర్పడి ఉంటుంది. రంగు వేశాక తేలే మచ్చ, జిగురు పూసిన రోజునే పడి ఉంటుంది. అందువల్ల లోపం కనబడగానే దాని మీద కత్తి పెట్టకుండా, దానికి ఒక అడుగు కింద ఏం జరిగిందో చూడడం మేలు. తిరుపతిలో మిద్దె మీది గదిలో కూర్చుని ఈ పని చేసే నాకు, వాతావరణాన్ని కూడా కారణాల్లో చేర్చక తప్పలేదు. మే నెలలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటి చెక్కలోని తడినంతా లాగేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు అదే చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది.

ఇక్కడ చెప్పేదంతా మార్కెట్లో ఎక్కువగా దొరికే రకం కిట్టు గురించి. ఇందులో ఓడకు వెన్నెముక వంటి కీల్‌ను ప్లైవుడ్‌తో కోసి ఇస్తారు. దాని గాళ్లలో బల్క్‌హెడ్లు అనే అడ్డపలకలను నిలబెట్టి, వాటి మీద మొదటి పొరగా సుమారు 1.5 మిల్లీమీటర్ల మందం, 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న లైమ్‌వుడ్ పట్టీలు, ఆపైన రెండో పొరగా పలుచని వాల్‌నట్ పట్టీలు అతికిస్తారు. లైమ్‌వుడ్ అనగానే మన నిమ్మచెట్టు అనుకోరాదు. అది చల్లని దేశాల్లో పెరిగే లిండెన్ చెట్టు కలప. మెత్తగా, సన్నని నారతో ఉండడం వల్ల చక్కగా వంగుతుంది. 1765లో నీటిలోకి దిగిన విక్టరీ యుద్ధనౌక అయినా, 1869 నాటి కట్టీ సార్క్ వర్తక నౌక అయినా, కిట్టులో కట్టే పద్ధతి చాలావరకు ఇదే.

కీల్ పలక తిన్నగా లేదు

పెట్టె తెరవగానే మొదట చేయవలసిన పరీక్ష ఇది. వంటింటి గ్రానైట్ బండ మీద కీల్‌ను పడుకోబెట్టి, వడ్రంగి చెక్క అంచును చూసినట్లు ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తే, మధ్యలో ఎక్కడైనా పైకి లేచి ఉంటే తెలిసిపోతుంది. ప్లైవుడ్ రెండు ముఖాలూ తేమను సమానంగా పీల్చుకోకపోవడం, పెట్టెలో నెలల తరబడి ఒకే వైపు బరువు పడడం ఇందుకు సాధారణ కారణాలు. వంపు లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న ముఖాన్ని మాత్రమే తడిగుడ్డతో తుడిస్తే ఆ వైపు నార ఉబ్బి పలక తిన్నబడుతుంది. ఆ తర్వాత రెండు వైపులా వార్తాపత్రిక కాగితాలు పరిచి, పైన ఒక చదునైన పలక, దాని మీద నిండు నీళ్ల క్యాను ఉంచి రెండు రోజులు అలా వదిలేయాలి. ఆ రెండు రోజుల్లో కాగితాలను మాత్రం పూటకొకసారి మార్చాలి.

అంతటితో పని అయిందని వదిలేస్తే మొదటి వానకు ఆ వంకర తిరిగి వస్తుంది. కాబట్టి అడ్డపలకలు నిలబెట్టాక, ఒక్కో జంట మధ్య కీల్‌కు రెండు పక్కలా సరిగ్గా పట్టే చెక్క ముక్కలు కోసి అతికించాలి. కిట్టులో ఈ ముక్కలు ఉండవు, సూచనల పుస్తకంలో ప్రస్తావన కూడా తరచుగా ఉండదు. అయినా మొత్తం పనిలో ఇంతకన్నా లాభసాటి అరపూట లేదని నా అభిప్రాయం. వంకర ఎంతకూ పోకపోతే, అదే మందం ప్లైవుడ్ తెచ్చి పాత కీల్‌ను అచ్చుగా పెట్టి గీసి కొత్తది కోసుకోవడం మంచిది.

డెక్కు పలక సరిగా కూర్చోవడం లేదు

అడ్డపలకల గాళ్లు బిగువుగా ఉంటే సుత్తితో కొట్టి దింపడం వల్ల కీల్ చీలుతుంది, లేదా అడ్డపలక కొద్దిగా పైనే ఆగిపోతుంది. ఆ కొద్ది ఎత్తే తర్వాత ఓడ పైతలమైన డెక్కు కింద కనబడుతుంది. జిగురు లేకుండా అన్నిటినీ ఒకసారి అమర్చి, బిగువైన గాడిని సన్నని ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్ది, అడ్డపలక వేలి ఒత్తిడికి దిగేలా చేయాలి. జిగురు ఆరేటప్పుడు కీల్‌కు, అడ్డపలకకు మధ్య మూల లంబంగా ఉందో లేదో చూసేందుకు మూలమట్టం లేకపోతే అగ్గిపెట్టె సరిపోతుంది.

పొట్ట మీద పక్కటెముకలు తేలినట్లున్నాయి

మొదటి పొర పూర్తయ్యాక దీపం వెలుగులో పక్కనుంచి చూస్తే, అడ్డపలక ఉన్న ప్రతిచోటా ఒక గట్టు, రెండిటి మధ్య ఒక పల్లం కనిపించడం కొత్తవారందరినీ బాధించే లోపం. పట్టీలు పలుచగా ఉండడం వల్ల ఇలా అయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి కారణం అడ్డపలకల అంచులను పట్టీ పరుగుకు తగ్గట్టు ఏటవాలుగా చెక్కకపోవడం. కిట్టులో వచ్చే అడ్డపలక అంచు నిట్టనిలువుగా కోసి ఉంటుంది. ఓడ పొట్ట ముందుకు, వెనక్కు వంగిపోతుంది కాబట్టి, చెక్కకుండా వదిలేస్తే పట్టీ ఆ అంచు మొత్తానికి ఆనకుండా ఒక మూల మీద మాత్రమే ఆనుతుంది.

చెక్కడానికి ముందు ఒక పట్టీని మూడు నాలుగు అడ్డపలకల మీదుగా వేలితో అదిమిపట్టి చూడాలి. పట్టీకి, అంచుకు మధ్య వెలుగు కనబడిన చోట పక్క అడ్డపలక ఎత్తుగా ఉందా, ఇదే పల్లంగా ఉందా అన్నది తేల్చుకోవాలి. ఎత్తుగా ఉంటే, ఒక అడుగు పొడవున్న చదునైన చెక్కకు 120 నంబరు ఉప్పుకాగితం అతికించి, ఒకేసారి మూడు అడ్డపలకల మీద ఆనేలా రుద్దాలి. చిన్న ముక్కతో రుద్దితే ఒక్కో అడ్డపలక ఒక్కో తీరుగా అరిగి పని మరింత చెడుతుంది. పల్లంగా ఉంటే దాని అంచు మీద మిగిలిపోయిన పట్టీ ముక్కను అతికించి, ఆరాక మళ్లీ రుద్దుకోవాలి. ముక్కు దగ్గరి మొదటి రెండు అడ్డపలకల్లో తీయవలసిన చెక్క మనం ఊహించిన దానికన్నా చాలా ఎక్కువ. మొదటి ఓడ కట్టినప్పుడు అక్కడ భయపడి సగంలో ఆపేశాను. ఆ ఓడ ముక్కు నేటికీ మొద్దుగానే కనిపిస్తుంది.

పొర ఇప్పటికే వేసేసి ఉంటే పల్లాల్లో ఫిల్లర్ అనే పూడ్చే ముద్ద నింపి, ఆరాక అదే పొడవాటి చెక్కతో రుద్ది సరిచేయవచ్చు. రెండో పొర దాన్ని కప్పేస్తుంది. ఒకే పొర ఉన్న కిట్టులో మాత్రం ఆ అవకాశం లేదు కాబట్టి, అందులో ఈ దశను రెండింతల ఓపికతో చేయాలి.

ముక్కు దగ్గర పట్టీలు ఒకదానిపై ఒకటి ఎక్కుతున్నాయి

పెంకుటింటి పెంకుల్లా ఒక పట్టీ అంచు పక్కదానిపైకి లేవడం, ఎంత జిగురు పెట్టినా కొస ఊడి రావడం, రెండింటికీ కారణం ఒకటే. పట్టీని వెడల్పు వైపుగా వంచడానికి ప్రయత్నిస్తున్నాము. చదును వైపుకు ఎంతైనా వంగే పట్టీ, వెడల్పు వైపుకు వంచబోతే మెలి తిరిగి అంచు పైకి లేపుతుంది. ఓడ పొట్ట మధ్యలో విశాలంగానూ, ముక్కు దగ్గర ఇరుకుగానూ ఉంటుంది. కాబట్టి ఒకే వెడల్పున్న పట్టీలన్నీ ముక్కు వరకు పట్టవు. వాటిని సన్నగించి తీరాలి.

లెక్క సులువే. మధ్య అడ్డపలక అంచు పొడవును కాగితపు పేలికతో కొలిస్తే 100 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 5 మిల్లీమీటర్ల పట్టీలు అక్కడ 20 పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 64 మిల్లీమీటర్లయితే, 64ను 20తో భాగించగా ఒక్కో పట్టీకి 3.2 మిల్లీమీటర్లు మిగులుతుంది. అంటే ప్రతి పట్టీని ముక్కు వైపు 3.2కు క్రమంగా సన్నగించాలి. ఈ కొలతలను ప్రతి అడ్డపలక మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే, పట్టీ దారి తప్పిందో లేదో వెంటనే తెలుస్తుంది. ముక్కు కొలత 44 మాత్రమే అయితే ఒక్కోదానికి 2.2 వస్తుంది. పట్టీని సగం వెడల్పు కన్నా సన్నగించకూడదన్నది ఓడ కట్టేవారు పాటించే పద్ధతి కనుక, అప్పుడు మూడు పట్టీలను ముక్కు దాకా తీసుకుపోకుండా, పక్క పట్టీలో చిన్న గాడి చెక్కి అక్కడే ముగించాలి. మిగిలిన 17 పట్టీలకు ఒక్కొక్కదానికి దాదాపు 2.6 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. వెనుక భాగంలో ఇందుకు విరుద్ధంగా చోటు ఎక్కువై ఖాళీ మిగిలితే, మొనదేలిన చీలిక ముక్కలు కోసి ఆ ఖాళీలో ఇమడ్చాలి. ఇవన్నీ కిట్టు లోపాన్ని దాచే అతుకులు కావు, నిజమైన ఓడల మీదా ఉండేవే. 1817లో బొంబాయిలో మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ వంటి నౌకల్లోనూ పలకలు ముక్కు వైపు సన్నబడుతూనే పోతాయి.

వంచుతుంటే పట్టీ పుటుక్కున విరుగుతోంది

నీళ్లలో రాత్రంతా నానబెట్టినా విరుగుతోందని తరచూ వింటుంటాను. చెక్కను మెత్తబరచేది ప్రధానంగా వేడి. నీరు ఆ వేడిని లోపలికి చేర్చేందుకు సాయపడుతుంది. ఓడల కర్మాగారాల్లో పలకలను ఆవిరి పెట్టెల్లో ఉంచి వంచేవారు. ఒక అంగుళం మందానికి గంటసేపు ఆవిరి అన్నది అక్కడి వాడుక లెక్క. ఆ లెక్కన మన 1.5 మిల్లీమీటర్ల పట్టీకి నాలుగు నిమిషాలు చాలు. ఇరవై నిమిషాలు నీళ్లలో ఉంచి, ఇడ్లీ పాత్రలో రేకులు తీసేసి, కొసను ఆవిరిలో ఐదు నిమిషాలు పట్టి, వెంటనే ఒక గ్లాసు చుట్టూ వంచి బట్టల క్లిప్పులతో బిగించి వదిలేస్తే, ఆరాక ఆ వంపు అలాగే నిలుస్తుంది.

ఇలా చేసినా విరిగితే పట్టీ నారను చూడాలి. నార గీతలు పట్టీ పొడవునా సాగకుండా ఏటవాలుగా అంచులోకి పోతుంటే, ఆ పట్టీ ఏ ఉపాయానికీ లొంగదు. దాన్ని పొట్ట మధ్య తిన్నని చోటుకు కేటాయించి, మంచి నార ఉన్నవాటిని ముక్కుకు దాచుకోవాలి. కట్ట విప్పగానే ఇలా రెండు కుప్పలుగా వేరుచేసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

నెలలు గడిచాక పట్టీల మధ్య సందులు విచ్చుకున్నాయి

మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే సమస్య ఇది. వంచడం కోసం తడిపిన పట్టీని ఆరకముందే అతికిస్తే, ఆరేటప్పుడు అది వెడల్పులో ముడుచుకుని సందు వదులుతుంది. వానాకాలంలో పొడిగా కనిపించే చెక్కలో కూడా తేమ ఉంటుంది. నవంబరులో చక్కగా అతికిన పొర ఏప్రిల్‌లో తల వెంట్రుక పట్టేంత విచ్చుకోవడం నేను చూశాను. ఏర్పేడు దగ్గరి మాధవమాలలో విగ్రహాలు చెక్కే శిల్పులు కూడా దుంగను బాగా ఆరనిచ్చాకే ఉలి పెడతారు. పెద్ద కొయ్యకు పట్టే జాగ్రత్త పుల్లంత పట్టీకీ పట్టాలి.

కిట్టు కొన్నాక పట్టీల కట్టను ప్లాస్టిక్ సంచిలోంచి తీసి, పని చేసే గదిలోనే రెండు వారాలు విడిగా పరిచి ఉంచాలి. వంచిన ప్రతి పట్టీని క్లిప్పుల్లోనే ఒక పగలు, ఒక రాత్రి ఆరనివ్వాలి. ఇప్పటికే సందులు పడితే, అదే చెక్కను రుద్దినప్పుడు రాలిన పొడిని తెల్ల జిగురులో ముద్దగా కలిపి నింపుకోవచ్చు. సందు పూర్తిగా విచ్చుకునే వేసవిలోనే ఆ పని చేయాలి. వానాకాలంలో నింపితే మరుసటి ఎండలకు పక్కనే కొత్త సందు పడుతుంది.

రంగు వేశాక తెల్లని మచ్చలు తేలాయి

చెక్కకు రంగు పట్టించే ద్రవం కొన్నిచోట్ల ఇంకకపోతే అక్కడ జిగురు ఉన్నట్లే. ఆరిన జిగురు చెక్క రంధ్రాలను మూసేస్తుంది. తెల్ల జిగురైతే బ్లేడును నిలువుగా పట్టి గీకి, 240 నంబరు కాగితంతో రుద్దాలి. తక్షణ జిగురైతే, కిటికీలు తెరిచి, మంటకు దూరంగా, దూది పుల్లను అసిటోన్‌లో ముంచి మెల్లగా తుడవాలి. మరీ గట్టిగా తుడిస్తే అతుకే ఊడుతుంది. రెండో పొరకు ముందు ఒక తడిగుడ్డ పక్కన ఉంచుకుని, బయటికి వచ్చిన జిగురును తడిగా ఉన్నప్పుడే తుడిచేస్తే ఈ శ్రమ ఉండదు. వాల్‌నట్ పొరకు రంగు బదులు నూనె పూత నాకు నచ్చుతుంది. కలప సహజ వర్ణమే బాగుంటుంది, చిన్న జిగురు మచ్చలు అంతగా కొట్టొచ్చినట్లు కనబడవు.

తెరచాప కొయ్య ఒరిగింది, తాళ్లు వదులయ్యాయి

కొయ్య కోసం ఇచ్చిన గుండ్రటి పుల్లను గ్రానైట్ బండ మీద దొర్లిస్తే, వంకరది ఎగిరెగిరి దొర్లుతుంది. దాన్ని ఆవిరి పట్టి సరిచేయాలి, లేదా మార్చాలి. పుల్ల తిన్నగా ఉండి కూడా ఒరిగితే, డెక్కులోని రంధ్రానికి, దాని కింద కీల్‌లోని గాడికి వరుస కుదరలేదన్నమాట. డెక్కు అతికించక ముందే పుల్లను దింపి ముందు నుంచి, పక్క నుంచి చూసుకోవాలి. డెక్కు పడ్డాక దొరికే మార్గం, రంధ్రాన్ని ఒక వైపు ఆకురాయితో పెంచి, రెండో వైపు చీలిక దూర్చడం ఒక్కటే.

తాళ్ల విషయంలో వాతావరణం మళ్లీ అడ్డుపడుతుంది. పేనిన నూలు దారం తేమకు నారలు ఉబ్బి పొడవులో కురచబడుతుంది, పొడికి వదులవుతుంది. వానల్లో కట్టిన తాళ్లు మే నెలలో వేలాడడానికి, ఎండల్లో బిగించి కట్టినవి నవంబరులో పైకొయ్యను వంచేయడానికి ఇదే కారణం. తేమకు అంతగా స్పందించని పాలిస్టర్ దారం వాడడం ఉత్తమం. కిట్టులోని నూలు దారాన్నే వాడాలనుకుంటే, ఒక్కో మూరను తేనెమైనం ముద్ద మీదుగా రెండుసార్లు లాగి వేళ్లతో నులిమితే నూగు అణిగి తేమ పీల్చడం కూడా తగ్గుతుంది. కొయ్యను నిలబెట్టే ప్రధాన తాళ్లను ఒక వైపంతా కట్టి ఆపై రెండో వైపు మొదలుపెడితే కొయ్య అటే లాగబడుతుంది. అందుకే ఎడమ ఒకటి, కుడి ఒకటి చొప్పున కట్టుకుంటూ పోవాలి. తెరచాపలను కదిపే తాళ్ల కొసలను చివరి ముడితో ముగించకుండా, నీళ్లు కలిపిన తెల్ల జిగురు చుక్కతో మాత్రమే నిలిపి, అర అంగుళం కొసను తాడు చుట్ట కింద దాచి ఉంచాలి. ఎండాకాలం వచ్చి తాడు వదులైన రోజున ఆ చుక్కను కుంచెతో తడిపి, పట్టకారుతో కొసను లాగి, మళ్లీ అదే జిగురుతో నిలపవచ్చు.