బ్రిటన్ ఈటీఏ: ఎవరికి అవసరం, దరఖాస్తు ఎలా

ఇండియన్ పాస్‌పోర్టు మీద బ్రిటన్ ఈటీఏ (ఎలక్ట్రానిక్ ట్రావెల్ ఆథరైజేషన్, అంటే వీసా అక్కర్లేని దేశాల వాళ్లు ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) రాదు. మిగతా వివరాల కన్నా ముందు ఈ మాట చెప్పి తీరాలి. అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, దుబాయ్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగం చేస్తున్నవాళ్లు "ఇక్కడి వాళ్లకు వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఈటీఏ తీసుకుంటే చాలు" అనే మాట నమ్మి టికెట్లు కొనేసే ప్రమాదం ఉంది. బ్రిటన్ మన పాస్‌పోర్టు ఏ దేశానిదో చూస్తుంది, మనం ఎక్కడ ఉంటున్నామో చూడదు. గ్రీన్‌కార్డు, హెచ్1బీ, ఓసీఐ కార్డు, ఎమిరేట్స్ ఐడీ ఏవీ ఈటీఏ విషయంలో లెక్కలోకి రావు.

కాబట్టి మొదటి పని, ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టి చూసుకోవడం. డాలస్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబాన్ని అనుకుందాం. అమ్మానాన్నలవి ఇండియన్ పాస్‌పోర్టులు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు కాబట్టి అమెరికన్ పాస్‌పోర్టులు. వీళ్లు వేసవి సెలవుల్లో లండన్ చూడాలనుకుంటే పిల్లలకు ఈటీఏ సరిపోతుంది. అమ్మానాన్నలు మాత్రం స్టాండర్డ్ విజిటర్ వీసా తీసుకోవాలి. దానికి వీసా సెంటర్‌కు వెళ్లి వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగ వివరాలు చూపించాలి. నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు పడుతుంది. అందుకే ఇలాంటి కుటుంబాలు ముందు పెద్దవాళ్ల వీసా సంగతి తేల్చుకోవాలి. అది చేతికి వచ్చాకే పిల్లల ఈటీఏకి డబ్బు కట్టడం మంచిది, ఎందుకంటే ఒకసారి దరఖాస్తు పంపాక ఆ ఫీజు వెనక్కి రాదు.

వీసా లేకుండా బ్రిటన్‌కు రాగలిగే దేశాల వాళ్లు విమానం ఎక్కకముందే తీసుకోవాల్సిన డిజిటల్ అనుమతే ఈటీఏ. 2023 నవంబరులో ఖతార్ పౌరులతో మొదలుపెట్టారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పౌరులకు 2025 జనవరి 8 నుంచి, యూరప్ దేశాల వాళ్లకు అదే ఏడాది ఏప్రిల్ 2 నుంచి వర్తించింది. మొదట్లో కొంత చూసీచూడనట్టు వదిలేశారు కానీ, 2026 ఫిబ్రవరి 25 నుంచి కచ్చితంగా అమలు చేస్తున్నారు. అనుమతి లేకపోతే ఎయిర్‌లైన్ వాళ్లు చెక్ఇన్ దగ్గరే ఆపేస్తారు.

ఒకసారి వస్తే ఈటీఏ రెండేళ్లు పనిచేస్తుంది. ఆలోపే పాస్‌పోర్టు గడువు తీరితే ఈటీఏ కూడా దాంతోనే పోతుంది. ఈ రెండేళ్లలో ఎన్నిసార్లయినా వెళ్లవచ్చు, వెళ్లిన ప్రతిసారీ గరిష్ఠంగా ఆరు నెలలు ఉండవచ్చు. చుట్టాలను చూడటం, ఊళ్లు తిరగడం, ఆఫీసు మీటింగులకు హాజరవడం, చిన్న కోర్సు చదవడం, వీటన్నిటికీ సరిపోతుంది. బ్రిటన్ కంపెనీలో ఉద్యోగం చేయడానికి, అక్కడ పెళ్లి చేసుకోవడానికి, మాటిమాటికీ వెళ్లొస్తూ అక్కడే కాపురం ఉన్నట్టు గడపడానికి పనికిరాదు.

దరఖాస్తుకు రెండు దారులున్నాయి: ఫోన్‌లో 'యూకే ఈటీఏ' యాప్, లేదా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకే. యాప్ తేలిక. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీని కెమెరాతో స్కాన్ చేసి, పాస్‌పోర్టు చిప్ మీద ఫోన్ ఆనించి, ముఖాన్ని స్కాన్ చేస్తే సగం ఫారం దానంతట అదే నిండుతుంది. తర్వాత చిరునామా, ఉద్యోగం, వేరే దేశపు పౌరసత్వం ఉందా, నేర చరిత్ర ఉందా అనే ప్రశ్నలు వస్తాయి. ప్రయాణ తేదీలు, హోటల్ బుకింగ్ అడగరు, కాబట్టి టికెట్ కొనకముందే దరఖాస్తు చేసుకోవచ్చు. నేనైతే అలాగే చేయమంటాను. చంటిపిల్లలతో సహా ప్రతి మనిషికీ విడిగా దరఖాస్తు చేయాలి, ఫీజూ విడిగా కట్టాలి.

ఫీజు 10 పౌండ్లతో మొదలై 2025 ఏప్రిల్ 9న 16 పౌండ్లకు చేరింది. ఇలా పెంచుతూ పోతున్నారు కాబట్టి, మీరు కట్టే రోజున ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎంత ఉందో అదే లెక్క. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. గూగుల్‌లో వెతికితే అచ్చం సర్కారు సైట్లలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు వస్తాయి. అసలు ఫీజు మీద బోలెడంత అదనంగా గుంజి, చివరికి మీరు ఇచ్చిన వివరాలనే ప్రభుత్వ ఫారంలో నింపి పంపుతారు. మీ పాస్‌పోర్టు ఫొటోలు కూడా వాళ్ల చేతికి పోతాయి. పది నిమిషాల పని, ఎవరికి వారే చేసుకోగలిగిన పని. దయచేసి ఆ సైట్ల జోలికి పోకండి.

పేర్ల దగ్గర మన వాళ్లు కాస్త నిదానంగా చూసుకోవాలి. ఇంటిపేరు పూర్తిగా రాసి, దాని పక్కన రెండు మూడు పదాల పేరు ఉండటం మనకు మామూలే. క్రెడిట్ కార్డు మీద ఒక రకంగా, ఆఫీసులో ఇంకో రకంగా రాసుకుంటాం. ఈటీఏలో మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రావాలి. ఇంటిపేరు ఏ గడిలో ఉంది, పేరు ఏ గడిలో ఉంది అన్నదీ సరిచూసుకోండి. యాప్ స్కాన్ చేసిన నంబరును కూడా నమ్మి వదిలేయకుండా, ఇంగ్లిష్ అక్షరం 'O' బదులు సున్నా పడిందేమో ఒకసారి కళ్లతో చూడండి. ఈటీఏ పాస్‌పోర్టు నంబరుకే ముడిపడి ఉంటుంది కాబట్టి ఒక్క అంకె తేడా వచ్చినా ఎయిర్‌పోర్టులో అది కనిపించదు.

చాలామందికి కొద్ది నిమిషాల్లోనో, ఆ రోజుకో ఈమెయిల్‌లో జవాబు వస్తుంది. అయినా మూడు పని దినాలు చేతిలో ఉంచుకోండి. ప్రింట్ తీసుకోవాల్సిన పని లేదు, కానీ ఆ ఈమెయిల్‌ను ఫోన్‌లో ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. ఈటీఏ వచ్చినా బ్రిటన్‌లో అడుగు పెట్టనివ్వాలా వద్దా అన్నది అక్కడి బోర్డర్ అధికారి చేతిలోనే ఉంటుంది. ఈటీఏ దరఖాస్తునే తిరస్కరిస్తే అప్పీలు ఉండదు, వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. ఏడాదికి మించి జైలు శిక్ష పడినవాళ్లకు ఈటీఏ ఇవ్వరు.

చాలామందికి తట్టని చిక్కు ఇంకొకటి ఉంది. కొన్ని తెలుగు కుటుంబాలు బ్రిటన్‌లో కొన్నేళ్లు ఉండి, తర్వాత అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లి అక్కడి పౌరసత్వం తీసుకున్నాయి. బిడ్డ బ్రిటన్‌లో పుట్టే నాటికి అమ్మానాన్నల్లో ఒక్కరికైనా అక్కడ శాశ్వత నివాస హక్కు ఉంటే, ఆ బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్ పౌరుడు. బ్రిటిష్ పౌరులకు ఈటీఏ వర్తించదు. ఆ బిడ్డ చేతిలో అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నా సరే, బ్రిటిష్ పాస్‌పోర్టు మీద వెళ్లాలి, లేదా బ్రిటన్‌లో ఉండే హక్కు ఉందని రుజువు చేసే 'సర్టిఫికెట్ ఆఫ్ ఎన్‌టైటిల్‌మెంట్' చూపాలి. అవి తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి టికెట్ల కన్నా ముందు ఈ సంగతి చూసుకోవాలి.

హైదరాబాద్ నుంచి లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టు మీదుగా అమెరికా వెళ్లే పెద్దవాళ్ల సంగతి వేరు. ఇండియన్ పాస్‌పోర్టుతో ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారడానికి కూడా మామూలుగా ట్రాన్సిట్ వీసా కావాలి, కానీ గడువు తీరని అమెరికా వీసా ఉంటే మినహాయింపు ఉంది. ఈటీఏ వర్తించే దేశాల పాస్‌పోర్టు ఉన్నవాళ్లు హీత్రూలో, మాంచెస్టర్‌లో బయటకు రాకుండా విమానం మారితే ఈటీఏ కూడా అక్కర్లేదు. రెండు విడివిడి టికెట్లు కొని, మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి వస్తే మాత్రం ఇమిగ్రేషన్ దాటక తప్పదు. అప్పుడు ఈటీఏ కావాల్సిందే. చవకగా వస్తోందని విడి టికెట్లు కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

లండన్ నుంచి రైల్లో పారిస్ వెళ్లాలనుకునేవాళ్లకు బ్రిటన్ ఈటీఏ గానీ, బ్రిటన్ వీసా గానీ అక్కడ చెల్లదు. ఇండియన్ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా) విడిగా కావాలి. ఇక పిల్లల అమెరికన్ పాస్‌పోర్టులు ఐదేళ్లకే అయిపోతాయి. కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే పాత ఈటీఏలో ఎన్ని నెలలు మిగిలి ఉన్నా అది చెల్లదు, మళ్లీ ఫీజు కట్టి కొత్తది తీసుకోవాలి. అందుకే పాస్‌పోర్టు రెన్యూవల్ దగ్గర పడి ఉంటే ముందు ఆ పని ముగించి, కొత్త నంబరుతోనే దరఖాస్తు చేయండి.