ఒంటరిగా విల్లుతో ఎల్క్ వేటకు వెళ్లే ముందు

అమెరికాలోని కొలరాడో కొండల్లో సెప్టెంబర్‌లో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు ఒక్కరే వెళ్తుంటే ఇవి చూసుకోండి.

- లైసెన్స్ జేబులో ఉందా?
- ఎక్కడ తిరుగుతారో, ఎప్పుడొస్తారో ఇంట్లో రాసిపెట్టండి. సెల్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, శాటిలైట్ మెసెంజర్ తప్పనిసరి.
- బాణం మొనలు బ్లేడులే. మూత ఉన్న పొదిలోనే పెట్టండి.
- మోత లెక్క ముందే వేయండి. పెద్ద మగ ఎల్క్‌కు ఎముకలు తీసేసినా దాదాపు 90 కిలోల మాంసం. వీపు మీద నాలుగు ట్రిప్పులు. కారుకు 5 కిలోమీటర్ల దూరంలో కొడితే మొత్తం నడక 35 కిలోమీటర్లు (మొదటి ట్రిప్పు ఒకవైపే)! నేనైతే అంత లోపల బాణం వదలను.
- బాణం తగిలాక వెంటనే ఎల్క్ వెంట పడకుండా కనీసం అరగంట ఆగండి.
- పడగానే తోలు తీయండి. వేడి నిలిస్తే తొడ ఎముక చుట్టూ మాంసం ముందుగా పులుస్తుంది. గుడ్డ సంచుల్లో, నీడలో, పేగులకు దూరంగా వేలాడదీయండి. నల్ల ఎలుగులు వాసన పట్టి వస్తాయి, రెండో ట్రిప్పుకు గట్టిగా మాట్లాడుతూ వెళ్లండి.