ఒంటి చక్రం ట్రాక్టర్‌కు మళ్లీ ప్రాణం – 3వ భాగం: ప్లగ్‌లో కరెంటు

పోయిన రెండు భాగాల్లో బండి కడిగాం, తుప్పు పట్టిన నట్లకు నూనె పట్టించాం, ఇంజన్ చేత్తో తిప్పితే తిరుగుతోందని చూసుకున్నాం. ఈసారి కరెంటు పని. ప్లగ్ దగ్గర నిప్పురవ్వ వస్తోందా, రాకపోతే ఎక్కడ ఆగింది?

కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. నా దగ్గరున్నది ఛోర్‌మాస్టర్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి ఊళ్లో తయారైన తోట ట్రాక్టర్. చేసింది లేత్ మిషన్లకు పేరుపడ్డ లాడ్జ్ అండ్ షిప్లీ కంపెనీ. ఒకే చక్రం, దాని మీద ఇంజన్, వెనక రెండు పిడులు; మనిషి వెనకాల నడుస్తూ పట్టుకోవాలి. రెండు చక్రాల బండి పట్టని ఇరుకు సాళ్లలో ఇది దూరిపోతుంది. మా పెరట్లో గోంగూర వరసల మధ్య నడిపించాలన్నదే నా ఆశ. నా బండికి ఉన్న ఇంజన్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ మోడల్ ఎన్. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 2 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 2 అంగుళాలు.

ముందు బండిని నిలబెట్టాలి. ఒంటి చక్రం కాబట్టి వదిలేస్తే పక్కకు ఒరుగుతుంది. ఒరిగితే పెట్రోలు కారుతుంది, నూనె సిలిండర్‌లోకి చేరుతుంది. చక్రానికి అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టి, పిడుల కింద స్టూలు వేసి, ఇంజన్ మట్టంగా ఉండేలా చూడండి. ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయండి. ఈ రెండూ కాకుండా రెంచ్ పట్టుకోవద్దు.

ఇప్పుడు ప్లగ్ విప్పి, వైరు తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజన్ ఇనుముకు ఆనించండి. ప్లగ్ రంధ్రానికి కాస్త దూరంగా పెట్టండి, లోపల ఆవిరి మిగిలి ఉండొచ్చు. గరాజ్‌లో లైటు ఆర్పి తాడు లాగండి. నీలంగా, టప్పుమని కొడితే మీ అదృష్టం. నాకు ఏమీ రాలేదు. కొత్త ప్లగ్ వేసినా రాలేదు.

ఇక్కడే చాలామంది కాయిల్ (ప్లగ్‌కు కరెంటు పంపే తీగచుట్ట) పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. దయచేసి ఆగండి. ఏళ్ల తరబడి మూలన పడున్న ఇలాంటి ఇంజన్‌లో మొదట అనుమానించాల్సింది పాయింట్లనే. మన మెకానిక్కులు సీబీ పాయింట్ అంటారే, అదే. పాత చేతక్ స్కూటర్ నడిపినవాళ్లకు బాగా తెలుసు. చిన్న లోహపు బిళ్లలు రెండు కలిసి విడిపోతుంటాయి. విడిపోయిన క్షణంలో కాయిల్‌లో వోల్టేజి ఎగిసి ప్లగ్ దగ్గర రవ్వ పుడుతుంది. ఆ బిళ్లల మీద కంటికి సరిగ్గా ఆనని మసి పొర పట్టినా చాలు, అంతా ఆగిపోతుంది.

పాయింట్లు ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) కింద ఉంటాయి. ఫ్లైవీల్ నట్ విప్పే ముందు క్రాంక్ (ఫ్లైవీల్‌ను మోసే ఇంజన్ ఇరుసు) కొసన మరలు ఎటు వాలి ఉన్నాయో చూడండి. కొన్ని పాత ఇంజన్లకు ఎడమ మర ఉంటుంది, తెలియక బలం పెడితే మర చెడుతుంది. ఫ్లైవీల్‌ను పట్టీ రెంచ్‌తో పట్టుకోండి, రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చొద్దు. నేను దూర్చాను. ఒక రెక్క టక్కున విరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. నట్ వదులయ్యాక పూర్తిగా తీసేయకుండా క్రాంక్ కొసకు సమంగా ఉంచి పుల్లర్ (ఫ్లైవీల్‌ను పైకి లాగే పనిముట్టు) బిగిస్తే మరలు దెబ్బతినవు. సుత్తి వద్దు.

ఫ్లైవీల్ వచ్చాక, క్రాంక్ గాడిలో ఉన్న చిన్న కీని (ఫ్లైవీల్‌ను సరైన చోట నిలిపే లోహపు ముక్క) వేళ్లతో తీసి చూడండి. సగం తెగి పక్కకు జరిగి ఉంటే రవ్వ వేళ తప్పుతుంది, ఇంజన్ వెనక్కి తన్నుతుంది. కొత్త కీ ఖరీదు చాలా తక్కువ, అనుమానముంటే మార్చేయండి.

ఇక పాయింట్ల మీదున్న చిన్న రేకు మూత. నాది తీస్తే లోపల ఎండిన జిడ్డు, ఏదో పురుగు కట్టుకున్న మట్టి గూడు. పాయింట్లు బూడిద రంగులో ఉన్నాయి. సన్నటి ఆకురాయిని బిళ్లల మధ్య పెట్టి నాలుగైదు సార్లు మెల్లగా లాగాను, మెరుపు కనిపించగానే ఆపేశాను. తర్వాత విజిటింగ్ కార్డు ముక్కను స్పిరిట్‌లో ముంచి, మూసిన పాయింట్ల మధ్య నుంచి లాగాను. మొదటి ముక్క నల్లగా వచ్చింది, రెండోది గోధుమ రంగు, నాలుగోది తెల్లగా. తెల్లగా వచ్చేదాకా లాగాల్సిందే. ఆకురాయి పొడి మిగిలినా, వేలి జిడ్డు తగిలినా మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత గ్యాప్. క్రాంక్ మెల్లగా తిప్పుతూ పాయింట్లు బాగా విచ్చుకున్న చోట ఆపండి. అక్కడ 0.020 అంగుళం, అంటే సుమారు అర మిల్లీమీటరు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకుల కట్ట) ఆకు కొంచెం పట్టినట్టు జారాలి. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు కదిలిపోతుంది. నాకు మూడోసారికి కుదిరింది. ప్లగ్ గ్యాప్ 0.030 అంగుళం.

అన్నీ బిగించి, లైటు ఆర్పి తాడు లాగాను. నీలం రవ్వ, సన్నగా, టప్పుమని. మళ్లీ లాగాను, మళ్లీ వచ్చింది. మా అమ్మాయిని పిలిచి చూపించాను.

మీకు పసుపుపచ్చగా, నీరసంగా వస్తే కండెన్సర్ (పాయింట్ల మధ్య రవ్వలు ఎగరకుండా ఆపే చిన్న భాగం) మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే అప్పుడు కాయిల్ సంగతి.

వచ్చే భాగంలో కార్బురేటర్ విప్పుతాం. ఈలోపు ఒక వెడల్పాటి ట్రే, పాత టూత్‌బ్రష్, సన్నటి రాగి తీగ దగ్గర పెట్టుకోండి. పెట్రోలు మాత్రం ఇంకా పోయొద్దు.