మ్యాక్ అప్‌గ్రేడ్ నొక్కే ముందు ఫొటోల సంగతి

ఈమధ్య ఏటా వినాయక చవితికీ దసరాకీ మధ్య మ్యాక్ వాడేవాళ్ళ నెత్తిన కొత్త మ్యాక్‌ఓఎస్ వచ్చి పడుతుంది. 2023లో సెప్టెంబర్ 26న సొనోమా, 2024లో 16న సెకోయా, 2025లో 15న టాహో. సెట్టింగ్స్ బొమ్మ మీద ఎర్ర గుండ్రంలో 1 అని కనపడితే చాలు, కొందరికి చెయ్యి ఊరుకోదు, నొక్కేస్తారు. చాలామందికి ఏమీ కాదు. కానీ మర్నాడు ఫొటోస్ యాప్ తెరిచేసరికి పాప అన్నప్రాశన ఫొటోల చోట బూడిదరంగు గడులు కనపడే ఇల్లు ఒకటీ అరా ఉంటుంది. అది మన ఇల్లు కాకుండా చూసుకోవాలంటే ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయించాలి, అంతే.

ముందు అసలు పాడయ్యేది ఏమిటో తెలియాలి. పిక్చర్స్ ఫోల్డర్‌లో ‘ఫొటోస్ లైబ్రరీ’ అని ఒకే ఫైల్‌లా కనిపించేది నిజానికి మూత పెట్టిన ఫోల్డర్. రైట్ క్లిక్ చేసి ‘షో ప్యాకేజ్ కంటెంట్స్’ అంటే మూత తెరుచుకుంటుంది. లోపల ఒరిజినల్స్ అనే ఫోల్డర్, అందులో 0 నుంచి 9 వరకు, ఏ నుంచి ఎఫ్ వరకు పదహారు చిన్న ఫోల్డర్లు, వాటి నిండా నోరు తిరగని పేర్లతో మన ఫొటోలు. పక్కనే డేటాబేస్ ఫోల్డర్. కిరాణా కొట్టు లెక్కలో చెప్పాలంటే మొదటిది గోడౌన్, రెండోది చిట్టా. ఏ ఫొటో ఎక్కడుంది, ఏ ఆల్బమ్‌లో ఉంది, అందులో ఉన్నది అమ్మమ్మా, పెద్దమ్మా అన్నదంతా చిట్టాలోనే రాసి ఉంటుంది.

అప్‌గ్రేడ్ అయ్యాక ఫొటోస్‌ని మొదటిసారి తెరిచినప్పుడు చిట్టాను కొత్త పద్ధతిలో తిరగరాస్తుంది. సరుకు జోలికి పోదు. అందుకే అప్‌గ్రేడ్ తర్వాత ‘ఫొటోలు పోయాయి’ అనిపించే కేసుల్లో చాలాసార్లు పాడయ్యేది చిట్టానే, సరుకు గోడౌన్‌లో భద్రంగానే ఉంటుంది. ఒకసారి తిరగరాశాక మాత్రం పాత వెర్షన్ ఫొటోస్ ఆ లైబ్రరీని తెరవలేదు. వెనక్కి వెళ్ళే దారి ముందే తీసి పెట్టుకున్న కాపీ ఒక్కటే.

చిట్టా, సరుకు వేర్వేరు అనడానికి 2024 మేలో ఐఫోన్లలో జరిగింది మంచి ఉదాహరణ. ఐఓఎస్ 17.5 వేసుకున్న కొందరికి ఎప్పుడో డిలీట్ చేసిన ఫొటోలు మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి. డేటాబేస్ దెబ్బతిన్న ఫొటోలు అరుదుగా ఇలా తిరిగి వస్తున్నాయని చెప్పి, ఆపిల్ 17.5.1తో సరిచేసింది. అదే ఏడాది సెకోయాలో, ఐఓఎస్ 18లో ‘రికవర్డ్’ అనే ఆల్బమ్ కూడా చేర్చారు. చిట్టాలో పద్దు పోయి గోడౌన్‌లో మిగిలిపోయిన ఫొటోలు దొరికితే అందులో కనిపిస్తాయి. దొరక్కపోతే ఆ ఆల్బమే కనపడదు, కంగారుపడకండి.

ఇంకో మాట. మూత తీసి చూడొచ్చు గానీ లోపల చెయ్యి పెట్టకూడదు. మా బావ ఒకసారి ఫోన్ చేశాడు, సగం ఫొటోలు తెరుచుకోవడం లేదని.

“బావా, లైబ్రరీ లోపలికి వెళ్ళావా?”

“వెళ్ళలేదురా… కొంచెం సర్దానంతే. పేర్లన్నీ పిచ్చిపిచ్చిగా ఉంటే తిరుపతి 1, తిరుపతి 2 అని మార్చాను.”

చిట్టాలో ఒక పేరు, బస్తా మీద ఇంకో పేరు. ఎలా దొరుకుతుంది? మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ ఏర్పాటు టైమ్ మెషీన్ వారం కిందట తీసిన కాపీ ఉంది కాబట్టి గట్టెక్కాడు.

అప్‌గ్రేడ్‌కి ముందు

మొదట చూడాల్సింది ఒరిజినల్స్ అసలు మీ మ్యాక్‌లో ఉన్నాయా అని. ఫొటోస్ సెట్టింగ్స్‌లో ఐక్లౌడ్ దగ్గర ‘ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్’ ఎంచుకుని ఉంటే, చోటు తక్కువైనప్పుడు ఒరిజినల్స్ క్లౌడ్‌లోనే ఉంచి మ్యాక్‌లో చిన్న బొమ్మలే మిగులుస్తుంది. ఆ లైబ్రరీని కాపీ చేసుకుంటే మీకు మిగిలేది గోడౌన్ ఫొటో, సరుకు కాదు. ‘డౌన్‌లోడ్ ఒరిజినల్స్ టు దిస్ మ్యాక్’ ఎంచుకుని, అన్నీ దిగేదాకా ఆగండి. మ్యాక్‌లో చోటు లేకపోతే ముందు ఆ సంగతి చూడాలి. ‘ఐక్లౌడ్‌లో ఉన్నాయిగా, ఇంక బ్యాకప్ ఎందుకు’ అనేవాళ్ళు చాలామంది. ఐక్లౌడ్ ఫొటోస్ చేసేది సింక్. ఒక చోట డిలీట్ చేస్తే అన్ని చోట్లా పోతుంది, ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

తర్వాత మ్యాక్‌లోనే ఉండే డిస్క్ యుటిలిటీ యాప్‌లో, డిస్క్ లోపాలు వెతికి సరిచేసే ఫస్ట్ ఎయిడ్ నడపండి. డిస్క్‌లోనే లోపం ఉంటే దాని మీద అప్‌గ్రేడ్ చేయడం బీటలు వారిన గోడకి సున్నం వేయడమే.

ఇప్పుడు కాపీ. కమాండ్, క్యూ నొక్కి ఫొటోస్‌ని పూర్తిగా మూసేసి, లైబ్రరీ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి లాగండి. ఆ డిస్క్ ఆపిల్ సొంత ఫార్మాట్ ఏపీఎఫ్‌ఎస్‌లో ఉండేలా చూసుకోండి. కొత్తగా కొన్న డిస్క్‌లు తరచూ ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, అవి సినిమాలు మోయడానికి సరే గానీ ఫొటోస్ లైబ్రరీకి పనికిరావు. టైమ్ మెషీన్ వాడే డిస్క్‌లో వద్దు. డ్రాప్‌బాక్స్ లాంటి సింక్ ఫోల్డర్‌లో అసలే వద్దు.

కాపీ అయిపోయింది కదా అని లేవకండి. ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని ఫొటోస్ తెరిస్తే ఏ లైబ్రరీ కావాలని అడుగుతుంది, కాపీని ఎంచుకోండి. చివరిదాకా కిందికి వెళ్తే ఫొటోల సంఖ్య కనపడుతుంది, అది అసలు దానితో సరిపోవాలి. పాత ఫొటో ఒకటి తెరిచి ముఖం మీద బాగా జూమ్ చేయండి. ఒక వీడియో చివరిదాకా ఆడించండి. ‘యూజ్ యాజ్ సిస్టమ్ ఫొటో లైబ్రరీ’ అన్న బటన్ జోలికి మాత్రం పోవద్దు, అది నొక్కితే ఐక్లౌడ్ ముడి ఈ కాపీకి పడే ప్రమాదం ఉంది. చూడ్డం అయ్యాక డిస్క్‌ని ఎజెక్ట్ చేసి, వైరు తీసేసి బీరువాలో పెట్టండి. అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు అది మ్యాక్‌కి తగిలించి ఉండకూడదు.

విడుదలైన రోజే వేసుకోవాలన్న తొందర ఎందుకో నాకు అర్థం కాదు. పాత వెర్షన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆ రోజుతో ఆగిపోవు. నేనైతే సంక్రాంతి దాకా చూస్తాను. ఐమ్యాక్, మ్యాక్ మినీ వాడేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి, వాటికి బ్యాటరీ ఉండదు. సెప్టెంబర్ సాయంత్రం మబ్బు పట్టి ఉంటే, యూపీఎస్ లేకపోతే, ఆ రోజుకి వదిలేయండి.

ఆ తర్వాతి కొన్ని గంటలు

ఇక్కడే నేను ఒకసారి తప్పు చేశాను. నా లైబ్రరీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉండేది. అప్‌గ్రేడ్ అయ్యాక ఫొటోస్ తెరిస్తే లైబ్రరీని అప్‌డేట్ చేస్తున్నానంటూ గీత కొంత దూరం వెళ్ళి ఆగింది. గంట చూశాను, కదల్లేదు. హ్యాంగ్ అయిందనుకుని ఫోర్స్ క్విట్‌తో బలవంతంగా మూసేశాను. ఎజెక్ట్ అంటే డిస్క్ వాడకంలో ఉందని చెప్పింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా, యాప్ మూసినా వెనకాల లైబ్రరీ పని నడుస్తోందని. వైరు పీకేశాను. చిట్టా సగం కొత్త, సగం పాత. పెద్ద లైబ్రరీ అయితే ఆ గీత గంటలు తీసుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి, ఛార్జర్ పెట్టి, దాని మానాన దాన్ని వదిలేయడమే పద్ధతి.

అది అయ్యాక కొన్ని రోజులు మ్యాక్ వేడెక్కడం, ‘పీపుల్’లో ముఖాలు సగమే కనపడటం, వెతికితే ఫొటోలు దొరక్కపోవడం జరగొచ్చు. అది జబ్బు కాదు, ఫొటోలన్నీ మళ్ళీ చదువుతోంది. ఛార్జింగ్‌లో పెట్టి, ఫొటోస్ యాప్ మూసి ఉంచితే ఆ పని త్వరగా అవుతుంది.

నిజంగానే పాడైతే

బూడిదరంగు గడులు రోజులు గడిచినా పోకపోతే, లైబ్రరీ తెరుచుకోకపోతే, అప్పుడు రిపేర్. మొదటి పని రిపేర్ కాదు, పాడైన లైబ్రరీనే ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయడం. ఉన్న ఒక్క కాపీ మీద ప్రయోగాలు చేయకూడదు. తర్వాత ఫస్ట్ ఎయిడ్. ఆ తర్వాత ఆప్షన్, కమాండ్ రెండూ నొక్కి పట్టుకుని ఫొటోస్ తెరిస్తే రిపేర్ చేయాలా అని అడుగుతుంది. ఒప్పుకుని ఊరుకోండి. ఐక్లౌడ్ ఉంటే రిపేర్ తర్వాత లైబ్రరీ మొత్తాన్ని మళ్ళీ క్లౌడ్‌తో సరిచూసుకుంటుంది కాబట్టి, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆ పని పెట్టకండి.

అది ఫలించకపోతే బీరువాలోని కాపీ. దాన్ని నేరుగా తెరవొద్దు! కొత్త ఫొటోస్ దాని చిట్టాను కూడా తిరగరాసేస్తుంది, అప్పుడు మీ దగ్గర పాత కాపీ అంటూ ఉండదు. ముందు వేరే పేరుతో మ్యాక్‌లోకి దించుకుని, ఆప్షన్ మీటతో దాన్ని తెరవండి.

కాపీ కూడా లేదా? అప్పుడు గోడౌన్ తాళం తీయాలి. ఒరిజినల్స్ ఫోల్డర్‌ని లాగకుండా, కమాండ్ సీ, కమాండ్ వీతో బయట ఇంకో చోటికి కాపీ చేసి, కొత్త ఖాళీ లైబ్రరీలోకి ఇంపోర్ట్ చేయండి. పేర్లు పిచ్చిగా ఉన్నా, కెమెరాతో తీసిన ఫొటోలో తేదీ లోపలే ఉంటుంది కాబట్టి అవి కాలక్రమంలోనే కూర్చుంటాయి. ఆల్బమ్‌లు, ముఖాలకి పెట్టిన పేర్లు, మీరు చేసిన ఎడిటింగ్ మాత్రం రావు. టెర్మినల్ అలవాటున్నవాళ్ళకి ఓఎస్‌ఎక్స్‌ఫొటోస్ అనే ఉచిత టూల్ ఉంది, చిట్టా చదవగలిగే స్థితిలో ఉంటే ఆల్బమ్ పేర్లతో సహా బయటికి తీస్తుంది.

పైసగం బాగుండి కిందిసగం బూడిదగా ఉండే ఫొటోలు వేరే కథ. అక్కడ సరుకే చెడింది, ఫైల్ మధ్యలో తెగిపోయింది. లేని భాగాన్ని ఏ రిపేర్ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు, డబ్బులు కట్టే ముందు ఆలోచించండి. దానికంటే పిన్నికో, అక్కకో ఫోన్ చేసి, అప్పట్లో పంపిన ఫొటో వాట్సాప్‌లో ఉందేమో అడగడం మేలు. చిన్న సైజే అయినా ముఖం ఉంటుంది.

అంతా బాగానే ఉందనిపించినా బీరువాలోని డిస్క్‌ని కనీసం రెండు నెలలు చెరపొద్దు. దాని మీద ప్లాస్టర్ ముక్క అంటించి తేదీ, మ్యాక్‌ఓఎస్ వెర్షన్, ఫొటోల సంఖ్య రాసి పెట్టండి. మా బావ డిస్క్ మీద వీటన్నిటి కింద ఇంకో లైన్ కూడా ఉంది, మా అక్క చేతిరాతలో: “లోపల సర్దకూడదు.”