భిన్నాల హోంవర్క్‌కి టైలరింగ్ టేపు

పిల్లలకి భిన్నాలు చెప్పాలంటే చాలామంది దోసెతోనో పిజ్జాతోనో మొదలుపెడతారు. నాకది నచ్చదు. దోసెని సగం చేయొచ్చు, నాలుగు ముక్కలూ చేయొచ్చు. అయిదు సమాన ముక్కలు చేసి చూపించండి, చూద్దాం. పైగా 7/4 అనేసరికి పిల్ల "ఉన్నవి నాలుగు ముక్కలైతే ఏడు ఎలా తింటాం?" అని అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. దానికి దోసె దగ్గర జవాబు లేదు.

నేను తెనాలిలో ఇంటి దగ్గరే బ్లౌజులు, చుడీదార్లు కుడతాను. చదివింది పదో తరగతి దాకా, అదీ తెలుగు మీడియం. మా అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి, ఇంగ్లిష్ మీడియం. లెక్కల్లో నాకేం పెద్ద పేరు లేదు గానీ, నేను రోజంతా చేసేది భిన్నాల పనే. చాతీ 34 అయితే ముందు భాగానికి నాలుగో వంతు, అంటే ఎనిమిదిన్నర. కుట్టుకీ లూజుకీ ఒకటిన్నర కలిపితే పది. ఇవన్నీ కాగితం ముట్టుకోకుండా వచ్చేస్తాయి. అందుకని మెడలో ఉండే టేపునే తీసి పుస్తకం పక్కన పెట్టాను. బ్లౌజు ఇవ్వడానికి వచ్చే తల్లులు కూడా ఈ హోంవర్క్ సంగతే ఎత్తుతున్నారు కాబట్టి, వాళ్ళకి నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. టేపు ఇంట్లో లేకపోతే ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతుంది. ఒకవైపు ఇంచులు, 60 దాకా ఉండేది తీసుకోండి.

మొదటి చిక్కు పుస్తకం చదవడంలోనే వస్తుంది. మనం లవం, హారం అని చదువుకున్నాం. వాళ్ళకి న్యూమరేటర్, డినామినేటర్. లైక్ ఫ్రాక్షన్స్ అంటే సజాతి భిన్నాలు, కింద అంకెలు ఒకటే ఉన్నవి. అన్‌లైక్ అంటే విజాతి. ఇంప్రాపర్ అంటే అపక్రమ భిన్నం, పైఅంకె పెద్దది. ఈక్వివలెంట్ అంటే సమాన భిన్నాలు. ఎల్‌సీఎం మన క.సా.గు.నే. ఇంతకంటే కొత్తవేం లేవు, టెన్షన్ పడక్కర్లేదు. ఇంట్లో మాత్రం "పైఅంకె, కిందఅంకె" అనుకుంటే సరిపోతుంది.

ఎక్కడ ఆగిందో చూసుకోండి

హోంవర్క్‌లో ఉన్న లెక్క మీద పడకముందు మూడు చిన్న లెక్కలు ఇవ్వండి. 3/7 + 2/7 ఎంత? 1/4, 1/8లో ఏది పెద్దది? 2/3లో కిందఅంకె 12 కావాలంటే పైన ఏం రాయాలి?

మొదటిదానికి 5/14 అని రాస్తే, కిందఅంకె ఏం చెబుతోందో పిల్లకి ఇంకా తెలియలేదని. రెండోదానికి 1/8 అంటే, ఎనిమిది నాలుగు కంటే పెద్దది కదా అనుకుంటోందని. మూడోది మాత్రమే రాకపోతే చాలావరకు ఎక్కాల సమస్య. అది భిన్నాలు ఎంత చెప్పినా తీరదు, నాలుగూ ఆరూ ఎనిమిదీ ఎక్కాలు రోజూ కాసేపు వల్లె వేయించాల్సిందే. ఈ మూడూ విడదీయకుండా "నీకు లెక్కలు రావే" అనేస్తే పిల్లకీ కోపం, మనకీ కోపం.

ఒక్క ఇంచు మీద

టేపులో సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న ముక్కని చూపించండి. మామూలుగా అందులో ఎనిమిది గదులుంటాయి (కొన్ని టేపుల్లో పదహారు ఉంటాయి, ముందే లెక్కపెట్టుకోండి). నడిమి గీత అన్నిటికంటే పొడుగు, పావు దగ్గరా ముప్పావు దగ్గరా ఉన్నవి కాస్త పొట్టి, మిగతావి ఇంకా పొట్టి. పిల్ల చేతే గదులు లెక్కపెట్టించండి. ఎనిమిదిలో నాలుగు గదులు దాటితే నడిమి గీత, కాబట్టి అది 4/8. పావులు లెక్కపెడితే రెండు పావులు, 2/4. సగం అంటే 1/2. గీత ఒక్కటే, దానికి మూడు పేర్లు. సమాన భిన్నాలంటే ఇంతే. "పైనా కిందా ఒకే అంకెతో గుణించు" అన్న సూత్రం ఆ తర్వాత చెప్పినా నష్టం లేదు.

1/4, 1/8 గొడవ కూడా ఇక్కడే తేలిపోతుంది. గదులు ఎక్కువ చేసేకొద్దీ ఒక్కో గది ఇరుకవుతుంది. వేలు పెట్టి చూస్తే వాదించడానికేం ఉండదు.

7/4 సంగతి చూడండి. పావు ఇంచు చొప్పున ఏడుసార్లు జరపమనండి. నాలుగు దగ్గర ఒక ఇంచు అయిపోతుంది, ఇంకో మూడు జరిపితే ఒకటీ ముప్పావు దగ్గర ఆగుతుంది. అపక్రమ భిన్నాన్ని మిశ్రమ భిన్నంగా మార్చడం చేత్తోనే అయిపోయింది. భిన్నం అంటే ముక్క అనే కాదు, టేపు మీద దానికంటూ ఒక చోటు ఉన్న సంఖ్య అని పిల్లకి తోచిందంటే సగం పని అయినట్టే.

ఇక్కడ ఇంకో అలవాటు చేయించండి. ఏ భిన్నం కనిపించినా "సగానికి ఎక్కువా, తక్కువా?" అని అడగండి. పైఅంకెని రెట్టింపు చేసి కిందదానితో పోల్చుకుంటే తెలిసిపోతుంది. 3/7లో మూడు రెట్టింపు ఆరు, ఏడు కంటే తక్కువ, కాబట్టి సగంలోపు. 4/9 కూడా సగంలోపే. అలాంటప్పుడు 3/7 + 4/9 చేస్తే జవాబు ఒకటి దాటకూడదు. దాటిందా, ఎక్కడో తప్పు పోయింది. (జవాబు 55/63.) లెక్క చేయకముందు ఈ అంచనా మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయించండి. నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో అసలైన పని ఇదే. దీనివల్ల జవాబు తప్పో ఒప్పో పిల్లకే తెలుస్తుంది, మన మొహం వంక చూడక్కర్లేదు.

కూడికలకి ఒక అడుగు చాలు

1/3 + 1/4 ఇస్తే మొదట్లో చాలామంది పిల్లలు 2/7 అని రాస్తారు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేయడమే. కొట్టేయకండి. టేపు మీద 12 ఇంచులు, అంటే ఒక అడుగు పట్టుకోండి. "ఇది మొత్తం. ఇందులో మూడో వంతు ఎంత?" నాలుగు ఇంచులు. "నాలుగో వంతు?" మూడు ఇంచులు. రెండూ కలిపి ఏడు, పన్నెండులో ఏడు, అంటే 7/12. మరి 2/7 ఎంతవుతుంది? పన్నెండు ఇంచుల్ని ఏడు భాగాలు చేసి రెండు తీసుకుంటే మూడున్నర ఇంచులు కూడా రావు. నాలుగు ఇంచుల దగ్గర మొదలుపెట్టి ఇంకో మూడు కలిపితే మూడున్నరకి ఎలా తగ్గుతుంది? పిల్లే నవ్వి కొట్టేస్తుంది.

పన్నెండు ఎందుకు పట్టుకున్నామో అప్పుడు అడగండి. మూడు సమాన ముక్కలు చేసినా, నాలుగు చేసినా పూర్తి ఇంచుల్లోనే తెగే పొడవు కావాలి. పదైతే తెగదు. పన్నెండు తెగుతుంది, ఇరవై నాలుగూ తెగుతుంది, చిన్నది పన్నెండు. క.సా.గు. అంటే ఇదే. 1/4 + 1/6కి పిల్ల క.సా.గు. దొరక్క 24 పట్టుకుందనుకోండి, తప్పేం కాదు: 6/24 + 4/24 = 10/24, చివర్లో రెండుతో కొట్టేస్తే 5/12. అంకెలు కాస్త పెద్దవవుతాయి, అంతే.

అయిదో వంతులు వస్తే అడుగు చాలదు. అప్పుడు టేపు మొత్తం పరిచేయండి. 60 ఇంచులు. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, పది, పన్నెండు, వేటితో భాగించినా మిగలదు. 2/3 + 1/5 అంటే 40 ఇంచులూ 12 ఇంచులూ, మొత్తం 52. అంటే 52/60, నాలుగుతో కొట్టేస్తే 13/15. ఏడో వంతులు, తొమ్మిదో వంతులు మాత్రం ఈ 60లో పూర్తి ఇంచుల్లో తెగవు. వాటి జోలికొచ్చేసరికి పిల్లకి టేపుతో పని ఉండకూడదు, కాగితం మీదే చేసుకోవాలి.

మా అత్తగారు పక్కన కూర్చుని ఇదంతా విని "ఇందులో కష్టమేముందే" అన్నారు. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు కదా. అర్ధరూపాయి, బేడ, అణా కలిపితే ఎంత అని మనవరాలిని అడిగారు. ఎనిమిది అణాలు, రెండు అణాలు, ఒక అణా, మొత్తం పదకొండు అణాలు. పుస్తకంలో అయితే అది 1/2 + 1/8 + 1/16 = 11/16. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒక పూట వాళ్ళకి అప్పగించండి, మనకి కాస్త ఊపిరాడుతుంది.

యూట్యూబులో సీతాకోకచిలుక పద్ధతి అని అడ్డంగా గుణించేది ఒకటి తిరుగుతోంది. రెండు భిన్నాలకి జవాబు వస్తుంది, అబద్ధం కాదు. మూడు ఇస్తే పిల్ల అక్కడే చేతులెత్తేస్తుంది. స్కూల్లో చెప్పిన పద్ధతి ఏదైతే నోట్‌బుక్‌లో అదే రాయించండి. టేపు అర్థం కావడానికి, మార్కులు వేసేది టీచరు. "మీ టీచరు చెప్పింది కాదు, నేను చెప్పినట్టు రాయి" అంటే పిల్ల మధ్యలో నలిగిపోతుంది.

తీసివేతల్లో ఒక్క చోటే జాగ్రత్త. 3 1/4 నుంచి 1 3/4 తీసేయమంటే, పావులోంచి ముప్పావు పోదు కాబట్టి పిల్లలు తిరగేసి ముప్పావులోంచి పావు తీసేసి 2 1/2 అంటారు. టేపు మీద ఒకటీ ముప్పావు దగ్గర వేలు పెట్టి ముందుకు నడిపించండి. రెండు దాకా పావు, మూడు దాకా ఒకటి, ఆపైన ఇంకో పావు. మొత్తం ఒకటిన్నర. తర్వాత నోట్‌బుక్‌లో మూడులోంచి ఒకటి అప్పు తెచ్చి దాన్ని నాలుగు పావులు చేసుకుంటే 2 5/4 − 1 3/4, అదీ ఒకటిన్నరే.

గుణకారం, భాగహారం

ఇవి మామూలుగా ఏడో తరగతికి వస్తాయి. గుణకారం గుర్తుని "లో" అని, కుడివైపు నుంచి చదివించండి. 1/2 × 3/4 అంటే ముప్పావులో సగం. గుణిస్తే పెరగాలి కదా అనే అనుమానం అక్కడే పోతుంది. పాత పేపరు ఒకటి తీసుకుని నిలువుగా నాలుగు మడతలు వేసి, మూడు పట్టీలకి సుద్దముక్క పూయండి. ఇప్పుడు అడ్డంగా సగానికి మడిచి విప్పితే ఎనిమిది గడులు. సుద్ద ఉన్నవాటిలో ఒక సగంలో మూడు గడులు పడతాయి, 3/8. పైఅంకెలు పైవాటితో, కిందవి కిందవాటితో గుణించడం ఇక్కడ చెల్లుతుందనీ, కూడికలో చెల్లదనీ ఒకే రోజు చూపిస్తే రెండూ కలగలవవు.

భాగహారంలో "తిరగేసి గుణించు" అని అందరూ చెబుతారు, ఎందుకు తిరగేయాలో చెప్పరు. గుడ్డతో చూడండి. ఒకటిన్నర మీటర్ల లైనింగ్ ఉంది, పావు మీటరు ముక్కలు ఎన్ని వస్తాయి? ఒక మీటరులో నాలుగు వస్తాయి, ఒకటిన్నరలో ఒకటిన్నర సార్లు నాలుగు, అంటే ఆరు. 1/4తో భాగించడం 4తో గుణించడమైంది. ముక్క 2/3 మీటరు అయితే? ఒక మీటరులో అలాంటి ముక్క ఒకటి పూర్తిగా వచ్చి, 1/3 మిగులుతుంది, అది మరో సగం ముక్క. అంటే ఒకటిన్నర, 3/2. రెండు మీటర్లలో మూడు ముక్కలు. తిరగేయడం వెనక ఉన్నది "ఒక మీటరులో ఎన్ని?" అన్న ప్రశ్న, అంతే. ఇది మాత్రం ఒక్క సాయంత్రంలో ఎక్కదు. పుస్తకంలో ఇచ్చిన లెక్కకి ఒక గుడ్డ కథ అల్లమనండి. మా అమ్మాయి అల్లే కథల్లో లంగాకి ముప్పై మీటర్లు పడుతుంది, అయినా పరవాలేదు.

రాతలెక్కలు వచ్చినప్పుడు ఒక్కటే అడగండి: "దేనిలో వంతు?" నీళ్ళ ట్యాంకులో 2/5 వాడి, మిగిలినదాంట్లో 1/3 వాడారు అంటే, ఆ మూడో వంతు ట్యాంకుది కాదు, మిగిలిన 3/5ది. అంటే 1/5. పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ తడబడేది ఇక్కడే. ఒక పట్టీ గీసి అయిదు గడులు చేసి, రెండు కొట్టేసి, మిగిలిన మూడిట్లో ఒకటి గుర్తు పెడితే బొమ్మలోనే కనిపిస్తుంది. ట్యాంకులో ఇంకా రెండు గడులు, 2/5.

ఎంత చేసినా రాత్రి తొమ్మిది దాటినా తెగకపోతే ఆపేయండి. జవాబు మీరు చెప్పేసి రాయించకండి. టీచరుకి అంతా వచ్చినట్టు కనిపిస్తుంది, పరీక్షలో బయటపడుతుంది. ఆ లెక్క కింద పెన్సిల్‌తో "క.సా.గు. దాకా చేసింది, పైఅంకెలు మార్చే చోట ఆగింది" అని రాసి మీ సంతకం పెట్టి పంపండి. ఎక్కడ ఆగిందో తెలిస్తే క్లాసులో రెండు నిమిషాల పని. "లెక్క రాలేదు" అని మాత్రం రాయకండి, దాన్నిబట్టి టీచరు చేయగలిగింది ఏమీ ఉండదు.