యాభై దాటాక జుట్టు: రంగు మానడం, పాపిడి మార్చడం, ముడి నిలబెట్టడం

ఆడవాళ్ల జుట్టు మీద మన ఇళ్లలో అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. చిన్నప్పుడు "ఎంత ఒత్తయిన జడో" అని మురిసినవాళ్లే, యాభై దాటాక "అయ్యో, జుట్టంతా ఏమైపోయింది" అని నిట్టూరుస్తారు. ఆ మాట పడలేక చాలామంది పాత జడనే ఎలాగోలా నిలబెట్టాలని చూస్తారు. రంగుకూ రంగుకూ మధ్య గడువు తగ్గిపోతుంది, సవరం బరువెక్కుతుంది, ముడి బిగుసుకుంటుంది. మిగిలిన జుట్టు కూడా అక్కడే దెబ్బ తింటుంది. పెళ్లిలోనో ఆఫీసులోనో పదేపదే తల తడుముకోకుండా నిశ్చింతగా కూర్చోవాలంటే, ఇప్పుడు తల మీద ఉన్న జుట్టుకు తగిన తీరును మనమే ఎంచుకోవాలి.

ముందు ఉన్నదెంతో చూసుకోండి. తలస్నానం చేసి, జుట్టు పూర్తిగా ఆరాక, నూనె రాయకుండా కిటికీ వెలుగులో పాపిడి ఫొటో తీయించుకోండి. మూడు నెలలకోసారి అదే చోట, అదే వెలుగులో మళ్లీ తీస్తే తేడా తెలుస్తుంది. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. నుదుటి అంచు అలాగే ఉండి నడినెత్తిన పాపిడి వెడల్పవుతుంటే, అది ముట్లు ఆగే వయసులో చాలామందికి కనిపించే మార్పు. రూపాయి బిళ్లంత మేర ఊడినా, కుచ్చులు కుచ్చులుగా వస్తున్నా, మాడు మంటపుట్టినా ముందు చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. థైరాయిడ్, ఐరన్ పరీక్షలు చేయించుకోకుండా నూనెలు మార్చుకుంటూ పోతే కాలం వృథా అవుతుంది.

రంగు మానాలనుకుంటే

జుట్టు నెలకు సుమారు ఒకటి, ఒకటింబావు సెంటీమీటరు పెరుగుతుంది. అందుకే రంగు వేసిన మూడో వారానికే పాపిట్లో తెల్లగీత తేలుతుంది. భుజాల దాకా ఉన్న జుట్టు మొత్తం సహజమైన రంగుకు రావాలంటే రెండేళ్లు, ఇంకాస్త ఎక్కువ కూడా పడుతుంది. ఈ లెక్క ముందే తెలియక నాలుగో నెలలో విసిగిపోయి మళ్లీ నల్లరంగు పెట్టేసుకునేవాళ్లు ఎక్కువ. ఆ ఒక్క పూతతో మళ్లీ మొదటికొస్తారు.

ఓపికగా పెంచుతూ, రెండు నెలలకోసారి చివర్లు రెండు మూడు సెంటీమీటర్లు కత్తిరించుకుంటూ రావడం ఒక దారి. ఆరేడు నెలలు ఆగి, తెల్లజుట్టు ఏడెనిమిది సెంటీమీటర్లు వచ్చాక రంగున్న భాగాన్ని దాదాపు అంతా తీసేసి పొట్టిగా కత్తిరించుకోవడం ఇంకొకటి. సెలూన్లో నల్లజుట్టును అక్కడక్కడ పాయలుగా బ్లీచ్ చేసి తెలుపులో కలిపేయడం మూడోది. అయితే ఏళ్ల తరబడి నల్లరంగు పట్టిన జుట్టు బ్లీచ్ తగిలితే నారింజ రంగుకు తిరుగుతుంది. ఇండిగో (నీలి ఆకు) పొడి వాడిన జుట్టులో ఆకుపచ్చ జీరలు తేలవచ్చు. ఏం వాడారో దాచకుండా చెప్పండి, చెవి వెనక ఒక్క పాయ మీద చేసి చూపించమనండి.

మన దగ్గర నాలుగో దారి కూడా ఉంది. తిరుమల మొక్కు ఉన్నవాళ్లు కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వస్తే రంగు సమస్య ఆ రోజుతో తీరిపోతుంది, పైగా "ఎందుకిలా?" అని ఎవరూ అడగరు. మూడు కత్తెర్లు మాత్రమే ఇస్తే ఈ పని జరగదు. గుండు తర్వాత మొదటి వారం ఎండలోకి వెళ్తే నూలు గుడ్డ కట్టుకోండి. మూడో నెలకు మూడు నాలుగు సెంటీమీటర్లు, ఏడాదికి పన్నెండు నుంచి పదిహేను దాకా వస్తుంది. చిరాకు పెట్టేది నాలుగో నెల: మెడ మీద, చెవుల చుట్టూ పెరిగినది చెదిరి కనిపిస్తుంది. అప్పుడు అక్కడ మాత్రమే కత్తిరించాలి, పైది ముట్టుకోకూడదు. అంతా సమం చేయించుకున్నారంటే మళ్లీ మూడు నెలలు వెనక్కి పోతారు.

తెల్లగీత కనిపించే నెలల్లో తిన్నగా పాపిడి తీయకండి. దువ్వెన కొనతో వంకరటింకరగా తీస్తే గీత చెదిరిపోతుంది. పాపిడి లేకుండా వెనక్కి దువ్వి ముడి వేసుకున్నా సరే. ఆ నెలల్లో "ఒంట్లో బాగోలేదా?" అనే ప్రశ్న తప్పదు. నిజానికి మొహం వాడినట్టు కనిపించడానికి కనుబొమలు పలచబడడం కూడా ఒక కారణం. కాటుక నలుపుతో కాకుండా బూడిద కలిసిన గోధుమరంగు పెన్సిల్‌తో తేలిగ్గా దిద్దుకోండి. బొట్టు కాస్త పెద్దది పెట్టండి. లేత గంధం, బూడిద రంగు రవికెలు తెల్లజుట్టు పక్కన వెలవెలబోతాయి. మెరూన్, ముదురాకుపచ్చ, నేరేడు రంగు, నెమలికంఠం బాగా నప్పుతాయి.

తెలుపు పసుపుబారకుండా

వయసుతో మాడులో నూనె ఊరడం తగ్గుతుంది, అందుకే తెల్లజుట్టు పొడిగా, బిరుసుగా ఉంటుంది. తలస్నానానికి ముందు రాత్రి రెండు చెంచాల కొబ్బరినూనె చాలు. దాన్ని కడిగేయాలి, రోజుల తరబడి ఉంచి ఎండలో తిరగకూడదు. మన అలవాట్లలో రెండు తెల్లజుట్టుకు మరకలు పెడతాయి: మొహానికి రాసే పసుపు, పాపిట్లో పెట్టే కుంకుమ. పసుపు రాసే ముందు నుదుటి అంచు వెంట్రుకలకు చుక్క నూనె పట్టించి, మెత్తటి బ్యాండు పెట్టుకుంటే మరక పట్టదు. కుంకుమను పాపిడి మొదట్లో నీటి తడి లేకుండా చిన్నగా పెట్టండి. పసుపు ఛాయను తగ్గించే ఊదారంగు షాంపూ పది రోజులకోసారి, రెండు మూడు నిమిషాలు మాత్రమే ఉంచాలి. ఎక్కువసేపు ఉంచితే జుట్టుకు ఊదా ఛాయ వస్తుంది. బోరునీళ్లు వాడే ఇళ్లలో చివరి రెండు చెంబులు ఫిల్టర్ నీళ్లు పోసుకోండి.

రంగు కొనసాగించాలనుకుంటే

అదీ మంచి నిర్ణయమే, మీకు నచ్చితే చాలు. కాకపోతే కాటుక నలుపు వద్దు, ముదురు గోధుమ తీసుకోండి. కటిక నలుపులో తెల్ల కుదుళ్లు, మాడు రెండూ కొట్టొచ్చినట్టు కనబడి జుట్టు ఇంకా పలచగా అనిపిస్తుంది. నల్లరంగుల్లో సాధారణంగా ఉండే పీపీడీ అనే రసాయనం పదేళ్లుగా పడినవాళ్లకూ ఒక్కసారిగా పడకపోవచ్చు. మోచేతి మడతలో కొద్దిగా రాసి 48 గంటలు చూడండి. దురదా వాపూ వస్తే ఆ రంగు తలకు పెట్టకండి. అరగంటలో నల్లబరిచే "నల్ల గోరింటాకు" పొడుల్లోనూ పీపీడీ ఉండవచ్చు, ఎందుకంటే ఉత్త గోరింటాకు ఎర్రగానే పండుతుంది.

ఆకులతోనే కావాలంటే రెండు విడతలుగా చేయాలి. భుజాల దాకా ఉన్న జుట్టుకు 100 గ్రాముల గోరింటాకు పొడి తీసుకుని, పెరుగు చిక్కదనం వచ్చేలా గోరువెచ్చని నీళ్లతో కలిపి రాత్రంతా ఉంచండి. నూనె లేని జుట్టుకు పట్టించి మూడు గంటల తర్వాత ఉత్త నీళ్లతో కడగండి. తర్వాత 100 నుంచి 150 గ్రాముల ఇండిగో పొడిలో చిటికెడు ఉప్పు, వెచ్చని నీళ్లు కలిపి, పది నిమిషాలకే పెట్టేసి గంటన్నర ఉంచండి. ఇండిగో ముందే నానబెట్టినా, నిమ్మరసం కలిపినా సరిగా పట్టదు. మొదట ఆకుపచ్చగా కనిపిస్తే కంగారు పడకండి, రెండు రోజుల్లో ముదురుతుంది. ఆ రెండు రోజులూ షాంపూ వద్దు.

పలచని జుట్టుతో ముడి

ముప్ఫై ఏళ్లుగా ఒకేచోట తీసిన పాపిడిని రెండు సెంటీమీటర్లు పక్కకు జరపండి. తడిగా ఉన్నప్పుడు కొత్తవైపు దువ్వి, ఆరేదాకా క్లిప్పు పెట్టాలి. అక్కడ కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అంతదాకా పాతవైపుకు జారుతూనే ఉంటుంది.

అప్పుడే కడిగిన జుట్టు జారుతుంది కాబట్టి ముడికి తలస్నానం చేసిన మర్నాడు మేలు. గుడ్డ బ్యాండుతో మెడకు కాస్త పైన, చెవి తమ్మెల ఎత్తులో వదులుగా కట్టండి. బరువైన సవరం బదులు తేలికైన స్పాంజి రింగు ఎక్కించి, జుట్టును దాని చుట్టూ పరిచి, పైన జుట్టు రంగు వల తొడగండి. యు పిన్ను కొన ముందు బయటివైపు చూడాలి: ముడిలో కొంచెం, తల జుట్టులో కొంచెం పట్టించి, వెనక్కి తిప్పి ముడి మధ్యకు తోయాలి. ఇలా నాలుగైదు పిన్నులు చాలు. తిన్నగా గుచ్చితే పది పెట్టినా జారిపోతాయి. మల్లెపూలు ముడికే గుచ్చండి, మాడు దగ్గరి వెంట్రుకలకు కాదు.

సవరమే కావాలంటే, దువ్వినప్పుడు వచ్చే మీ సొంత చిక్కు దాచి కట్టించుకోండి, రంగు అతికినట్టు కలుస్తుంది. రాత్రి ముడి విప్పగానే మాడు నొప్పిగా అనిపించినా, కణతల దగ్గర పలచబడుతున్నా, కుదుళ్లలో చిన్న పొక్కులు లేచినా ముడి బిగుతు ఎక్కువైందని అర్థం. కొన్ని వారాలు వదులు జడ వేసుకోండి. కుదుళ్లను ఏళ్ల తరబడి లాగితే ఊడినచోట మళ్లీ మొలవకపోవచ్చు.

కత్తిరించుకోవాలంటే

నడుము దాకా ఉన్నదాన్ని ఒక్కరోజులో మెడ దాకా తీయించుకోకండి. ముందు భుజాల దాకా, నెల తర్వాత ఇంకా తగ్గించాలనిపిస్తే పైకి. "షార్ట్‌గా" అని వదిలేయకుండా వేలు పెట్టి చూపించండి: ముందు గడ్డం దాకా, వెనక మెడ వంపు దాకా. పలచని జుట్టుకు మెట్లు మెట్లుగా కత్తిరించే లేయర్లు, పలచన చేసే పళ్ల కత్తెర వద్దని కుర్చీలో కూర్చోగానే చెప్పాలి. చివర్లు ఒకే వరసలో ఉంటే ఒత్తుగా కనిపిస్తుంది. ఉంగరాల జుట్టయితే ఆరాక కత్తిరించమనండి, తడిమీద కొలిస్తే ఆరాక రెండు మూడు సెంటీమీటర్లు పైకి పోతుంది. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి సరిచేయించాలి. మెడ బయటపడుతుంది కాబట్టి లోతు వెనక మెడ రవికెలు ఒకసారి వేసుకుని చూడండి, కొన్నిటికి దర్జీ దగ్గర రెండంగుళాలు ఎత్తు పెంచాల్సి రావచ్చు.