లోతైన ఎండోమెట్రియోసిస్‌కు ఎంఆర్‌ఐ తీయించుకునే ముందు

నెలసరి నొప్పితో పాటు కలయికలోనూ మలవిసర్జనలోనూ నొప్పి ఉన్నా, మామూలు అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదని రాసి ఇచ్చినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం గర్భాశయం బయట పెరగడం) అనుమానం తీరదు. పొత్తికడుపు లోపలి అవయవాలను కప్పి ఉంచే పొర కింద 5 మిల్లీమీటర్లకు మించి చొచ్చుకుపోయిన ఎండోమెట్రియోసిస్‌ను వెతకడానికి ఎంఆర్‌ఐ బాగా ఉపకరిస్తుంది. విశాఖపట్నంలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పరిసరాల్లో స్కానింగ్ కేంద్రాలకు కొదవ లేదు. కొరత ఉన్నది వివరంగా రాసిన చీటీకే. ‘పెల్విస్ ఎంఆర్‌ఐ’ అని రెండు మాటలతో సరిపెట్టకుండా, ఎండోమెట్రియోసిస్ అనుమానమనీ, నొప్పి ఎక్కడ, ఎప్పుడు వస్తుందో, పాత ఆపరేషన్లు ఏవో, వాడుతున్న హార్మోన్ మందులు ఏవో డాక్టరు చేత రాయించుకోవాలి. పాడేరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చేవారికి మళ్లీ స్కాన్ కోసం తిరిగే శ్రమ దీనివల్ల తప్పవచ్చు.

నెలసరి తేదీ చూసుకుని ఆగనక్కరలేదు. కేంద్రం చెప్పినన్ని గంటలు ఏమీ తినకుండా, మూత్రాశయం మరీ నిండుగానూ పూర్తి ఖాళీగానూ లేకుండా వెళ్లాలి. మెట్టెలు, పుస్తెలతాడు ఇంట్లోనే తీసి పెట్టడం మేలు. పేగుల కదలికకు చిత్రం చెదిరిపోతుంది కాబట్టి బస్కోపాన్ ఇంజెక్షన్ ఇస్తారేమో ముందే అడగండి. గ్లకోమా గానీ గుండె జబ్బు గానీ ఉంటే తప్పక చెప్పాలి. ఇంజెక్షన్ తరువాత కొంతసేపు చూపు మసకబారవచ్చు కనుక గాజువాక నుంచి స్కూటీ మీద ఒంటరిగా రాకండి.

స్కాన్‌లో తీసే చిత్రాల్లో టీ1, టీ2 అనే రెండు రకాలు ముఖ్యం; టీ2 చిత్రాలను కనీసం రెండు మూడు దిశల్లో, టీ1 చిత్రాలను కొవ్వు మెరుపు కనబడకుండా అణచి కూడా తీయాలి. గట్టిపడిన కణజాలం టీ2లో నల్లగా, అండాశయంలోని చాక్లెట్ సిస్టు (పాత రక్తం నిండిన తిత్తి) టీ1లో తెల్లగా కనిపిస్తాయి. గర్భాశయాన్ని వెనుక నుంచి పట్టి ఉంచే బంధకాలు, పురీషనాళపు గోడ, మూత్రాశయం, మూత్రనాళాలు (కిడ్నీల నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే గొట్టాలు) అన్నిటి గురించీ రిపోర్టులో ఉండాలి. మూత్రనాళం నొక్కుకుపోతే నొప్పి లేకుండానే కిడ్నీ దెబ్బతినవచ్చు, అందుకే కిడ్నీలు కూడా చూడమని గట్టిగా అడగాలి. పేగు గోడలో గడ్డ ఉంటే దాని పొడవు, లోతు, మలద్వారం నుంచి దూరం లేని రిపోర్టు సర్జన్‌కు పెద్దగా పనికిరాదు; కాగితంతో పాటు చిత్రాల సీడీ కూడా తీసుకోండి.

పొర మీద పైపైన ఉండే మచ్చలను ఎంఆర్‌ఐ తరచుగా పట్టలేదు. రిపోర్టు నార్మల్ అని వచ్చినా నొప్పి తగ్గకపోతే, మందులు మొదలుపెట్టాలో లాపరోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి లోపల చూసే ఆపరేషన్) చేయాలో గైనకాలజిస్టుతో మాట్లాడండి.